చీకటి గదిలో కిరణజన్య సంయోగక్రియ

చిత్తూరు పక్కన మామిడి తోటల మధ్య ఉన్న మా ఉన్నత పాఠశాలకు ఈ ఏడాది బి.ఎడ్. చదువుతూ పాఠాలు చెప్పడం నేర్చుకునే తొమ్మిది మంది ఛాత్రోపాధ్యాయులు వచ్చారు. వాళ్ల వెంట ఒక ప్రొజెక్టరు, మూడు లాప్‌టాప్‌లు, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా వచ్చాయి. హాజరు పట్టీలో ముందు వీటి పేర్లే రాయాలని నాకు అనిపించింది. బోధనాభ్యాసంలో మార్కులు తెచ్చిపెట్టేవి అవే కదా!

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) వారి 2014 నిబంధనలతో బి.ఎడ్. రెండేళ్ల చదువయింది. బడిలో గడపవలసిన కాలం మొత్తం 20 వారాలయింది. ఒక్క ఏడాదిలో సుద్దముక్క పట్టుకోవడం మాత్రం నేర్చుకుని ఉద్యోగాల్లో చేరిపోయిన మావంటి వాళ్లను చూసి భయపడే ఆ నిర్ణయం తీసుకుని ఉంటారు. ఐసీటీని, అంటే సమాచార ప్రసార సాంకేతికతను, విమర్శనాత్మకంగా అర్థం చేసుకోవడమని ఒక పేపరు కూడా పెట్టారు. ఆ ‘విమర్శనాత్మకంగా’ అన్న మాట పరీక్ష హాలు వరకే పనికొస్తుంది. తరగతి గదిలోకి దాన్ని ఎవరూ తీసుకురారు. అక్కడ వైర్లకే చోటు చాలదు.

సాంకేతికతతో చెప్పే పాఠానికి రికార్డు చేత్తోనే రాయాలన్నది నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం. పాఠ్య పథకం నీలి సిరాతో, శీర్షికలు స్కెచ్ పెన్నుతో రాయాలి. స్లైడ్లను జిరాక్సు అంగడిలో రంగుల్లో అచ్చు వేయించి, కత్తిరించి, జిగురుతో అతికించాలి. పున్య మిశ్రా, మాథ్యూ కోలర్ అనే విద్యా పరిశోధకులు 2006లో ఒక చట్రం ప్రతిపాదించారు. విషయం, బోధనా పద్ధతి, సాంకేతికత అనే మూడు వలయాలు ఒకదానితో ఒకటి కలిసిన చోటే మంచి పాఠం పుడుతుందని దాని సారం. మా ఛాత్రోపాధ్యాయిని ఒకమ్మాయి ఆ మూడు వలయాలనూ తన గాజు పెట్టి గీసింది. చక్కగా కుదిరాయి. బడిలో మాత్రం మొదటి రెండు వలయాలను మూడోది మింగేసిందనుకోండి, దానికి గాజును తప్పుపట్టలేం.

ఆ అమ్మాయి పాఠమే ఏడో తరగతిలో కిరణజన్య సంయోగక్రియ. మా బడిలో గోడకు పెద్ద ఐఎఫ్‌పీ తెర, అంటే తాకితే పనిచేసే డిజిటల్ బోర్డు, ఉంది. దుమ్ము పడకుండా దుప్పటి కప్పి భద్రంగా కాపాడుకుంటున్నాం. దాని పిన్ తెలిసిన ఉపాధ్యాయుడు ఆ రోజు బడిలో లేడు. ఐఎఫ్‌పీ వాడకంపై శిక్షణకు వెళ్లాడు. కాబట్టి ప్రొజెక్టరే గతి. ప్రొజెక్టరు బొమ్మ కనపడాలంటే గది చీకటిగా ఉండాలి. ఆ అమ్మాయి ముందు రోజు సాయంత్రమే ఎనిమిది నల్ల చార్టులు కొనుక్కొచ్చి ఆరు కిటికీలకూ అతికించింది. బయట మామిడి చెట్లు మిట్టమధ్యాహ్నపు ఎండలో తమ పని తాము చేసుకుపోతున్నాయి. లోపల నలభై మంది పిల్లలు చీకట్లో కూర్చుని సూర్యకాంతి ప్రాముఖ్యం తెలుసుకోవడానికి సిద్ధమయ్యారు.

అప్పుడు తెలిసింది, ప్లగ్గు వరకు వైరు అందదని.

ఈ సందర్భంలో మా సీమ ఘనతను తలచుకోకుండా ఉండలేను. కేవలం చదువుల కోసమని ఎడ్యుశాట్ అనే ఉపగ్రహాన్ని 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి పంపారు. అప్పుడది నెల్లూరు జిల్లా కదా అని అడ్డు తగలకండి. 2022 ఏప్రిల్‌లో శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది, కీర్తి కూడా దాని వెంటే బదిలీ అయింది. అలా సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తుకు పాఠాన్ని చేర్చిన నేల ఇది. ప్రొజెక్టరుకూ గోడకూ మధ్య రెండడుగులు మిగిలిపోవడం పెద్ద లోపమేమీ కాదు. బల్లను ముందుకు జరిపారు. బల్ల మీద కూర్చున్న ముగ్గురు పిల్లలు వెనక్కి జరిగారు.

వీడియో మొదలయింది. అంటే, దానికి ముందు తలనూనె ప్రకటన మొదలయింది. శబ్దం రాలేదు. ఛాత్రోపాధ్యాయిని కంగారుగా మీటలన్నీ నొక్కుతుంటే మూడో వరసలోని పిల్లవాడు లేచి, “మేడమ్, మ్యూట్‌లో ఉంది” అన్నాడు. వెంటనే ప్రకటన పాట గది దద్దరిల్లేలా వినిపించింది. ఆ తరువాత ఆకు వచ్చింది. నెట్టు కోసం అంతసేపు నిరీక్షించాక ఆకు అలా కనిపించి ఇలా ఆగిపోయింది. తిరుమలలో గంటల తరబడి వరసలో నిలబడి, లిప్తపాటు దర్శనమయ్యేసరికి “జరగండి, జరగండి” అని వినిపించడం మా పిల్లలకు అలవాటే. ఎవరూ నొచ్చుకోలేదు. గోవిందా అన్నవాడిని మాత్రం నేను కళ్లతోనే మందలించాను.

ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి గుసగుసగా అడిగింది. “సార్, డబ్బాలో ఆకు తెచ్చాను. చూపించమంటారా?”

మూత తీసి చూశాను. మందారాకు. మధ్యలో నల్ల కాగితం పట్టీ చుట్టి ఉంది. ఇంట్లో కుండీలోని మొక్కను రెండు రోజులు చీకట్లో పెట్టి, ఆ తరువాత పట్టీ చుట్టి ఎండకు ఉంచిందట. చిన్న సీసాల్లో స్పిరిటు, అయోడిన్ కూడా ఉన్నాయి. ఆకును స్పిరిటులో ఉడికించి అయోడిన్ చుక్కలు వేస్తే వెలుగు తగిలిన మేర నీలి నలుపుకు తిరుగుతుంది, పట్టీ కింద తిరగదు. పిల్లల కళ్లముందే తేలిపోయే సంగతి. కానీ ఇందులో ఇంటర్నెట్ ఎక్కడుంది? పరిశీలనా పత్రంలో మందారాకుకు గడి లేదు. వెనక బెంచీలో కూర్చున్న పరిశీలకులు, “ముందు వీడియో కానివ్వమ్మా” అన్నారు. ఆయనను అనడానికి లేదు, ఆయన ఆ పూట ఇంకా రెండు బడులు చూడాలి. ఫోన్‌తో మూడు ఫొటోలు తీసుకున్నారు. చీకట్లో ఏమీ పడకపోయేసరికి ఒక కిటికీ చార్టు కొంచెం ఎత్తి నాలుగోది తీశారు.

స్టాఫ్ రూములో మా తెలుగు మేడమ్ ఒక అపచారపు మాట అన్నారు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు పల్లె బడుల కోసం అట్ట కార్డులతోనే బోధనా సామగ్రి తయారుచేసి పేరు తెచ్చుకున్నారని, వాటికి చార్జింగ్ కూడా అక్కర్లేదని. అట్ట కార్డు ఫొటోలో అంత బాగా కనపడదని చెప్పి ఆ చర్చను అక్కడే ఆపాను.

ఇంతకీ పాఠం చివర పునర్విమర్శ చేయాలి కదా! చేసింది. “ఇవాళ ఏం తెలుసుకున్నారు?” అని అడిగితే తరగతి మొత్తం ఒక్క గొంతుతో తలనూనె పాట అందుకుంది. ఒక్క పదం తప్పు పోలేదు. ‘విద్యార్థుల చురుకైన భాగస్వామ్యం’ అన్న గడిలో పూర్తి మార్కులు పడ్డాయి. నేను కూడా రికార్డులో ‘పాఠం ఆద్యంతం సాంకేతికతతో సాగినది’ అని రాసి ఆకుపచ్చ సిరాతో సంతకం చేశాను.

గంట కొట్టాక కిటికీల మీది చార్టులు తీయబోతుంటే ఆ అమ్మాయే పరుగున వచ్చి ఆపింది.

“వద్దు సార్, అలాగే ఉంచండి. సోమవారం మా స్నేహితురాలు ఇదే గదిలో ‘కాంతి – నీడలు’ చెప్పాలి.”