గ్రూప్ ప్రాజెక్టు గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ బహుళ సంస్కృతుల గ్రూప్ ప్రాజెక్టు గారికి, గుంటూరు నుంచి తమ సభ్యురాలు నమస్కరించి రాయునది.

నిన్న మధ్యాహ్నమంతా తమ సేవలోనే గడిచింది. నివేదిక రాస్తూ అనుకునేరు, ఫోటో దిగుతూ! బ్రోషరుకు కావాలట. ఇథియోపియా విద్యార్థిని నడిమధ్య నిలబెట్టి, నేపాల్ అమ్మాయిని అతని పక్కకు జరిపి, మిగిలినవాళ్లను అంచులకు నెట్టి, ఎండలో ‘నవ్వండి, నవ్వండి’ అన్నారు.

తమ సమయపాలన సంగతి నేనెత్తను. ఇథియోపియాలో గంటల లెక్క తెల్లవారడంతో మొదలవుతుంది. మన ఉదయం ఏడు వాళ్లకు ఒంటిగంట. కొత్తలో మేము మూడింటికి రమ్మంటే అతను పొద్దున తొమ్మిదికే వచ్చి కూర్చున్నాడు. మా నాయనమ్మకు ఇదేమీ వింతగా తోచలేదు. ‘పంచాంగంలో ఘడియలూ సూర్యోదయం నుంచేగా’ అంది. నేపాల్ గడియారం మనకన్నా 15 నిమిషాలు ముందు. ఆ అమ్మాయి అంతకన్నా ముందే వస్తుంది. సాయంత్రం దాకా ‘బెంజి సర్కిల్ దాటుతున్నా’ అంటూనే ఉండే మా విజయవాడ లీడరు గారిది ఏ దేశపు గడియారమో తమరే సెలవివ్వాలి.

రింగెల్మాన్ అనే ఫ్రెంచి ఇంజినీరు మనుషుల చేత తాడు లాగించి చూసి, ఎనిమిది మంది పట్టుకునేసరికి ఒక్కొక్కరి లాగుడు సగానికి పడిపోయిందని 1913లోనే అచ్చువేశాడు. ఆ పాఠం చెప్పేదీ తమరే, అందరికీ సమాన మార్కులు వేసేదీ తమరే. పోనివ్వండి.

పోనివ్వలేనిది ఒకటుంది. మా అంశం మిర్చి యార్డు. టిక్కీలనే మిర్చి బస్తాలు, తాలు కాయలు, కోల్డ్ స్టోరేజీల బాడుగలు, అన్నీ తెలుగులోనే చర్చించారు, తెలుగులోనే పోట్లాడుకున్నారు. గంట గొడవను నేను రెండు ముక్కల ఇంగ్లిషులో చెబితే ఆ ఇద్దరూ తలూపేవారు. దాన్నే ‘ఏకగ్రీవం’ అని రాసుకున్నారు. వాళ్లనూ ఒక మాట అడుగుదామంటే టైము లేదన్నారు. చివరకు అతనికి దక్కింది ‘ధన్యవాదాలు’ అనే ఆఖరి స్లైడు చదివే పని.

వైవా అయ్యాక మెట్ల మీద కూర్చుని ఉంటే మాటల్లో బయటపడింది. వాళ్లమ్మ ఊరి సంతలో ఎండుమిర్చి అమ్ముతుందట. వెల్లుల్లి, మెంతులు చేర్చి దంచే బెర్బెరె కారం లేనిదే వాళ్ల కూర ఎర్రబడదట. సంతలో ధర ఎవరు కడతారు, తడి కాయను ఎలా పట్టేస్తారు, దళారికి ఎంత పోతుంది, చెబుతూనే ఉన్నాడు. మేము తిప్పలుపడి నింపిన పేజీలకన్నా మంచి అధ్యాయం అది. ముందే ఎందుకు చెప్పలేదంటే, ‘ఎవరూ అడగలేదుగా’ అని నవ్వాడు.

ఇక మర్యాద నా వల్ల కాదు. మిర్చి గురించి రాస్తూ, మిర్చి అమ్మి పెంచిన తల్లి బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, నోరు విప్పనివ్వలేదు! నీ మార్కుల పట్టికలో ‘సాంస్కృతిక వైవిధ్యం’ అని ఒక గడి ఉంది. దాంట్లో మాకు పూర్తి మార్కులు వేశావు. దేనికి? అతని ముఖానికా?

వచ్చే సెమిస్టరుకూ నువ్వు తప్పవని నోటీసు బోర్డులో చూశాను. అతన్ని మా గ్రూపులోనే వెయ్యి. లీడరుగా వెయ్యి. ఆఖరి స్లైడు ఎవరు చదవాలో అతనే తేలుస్తాడు.

ఇట్లు,
అంచున నిలబడి నవ్విన సభ్యురాలు