‘స్టైల్’ మాటున కరిగిపోతున్న నవాజో వెండిపని

పోయిన ఏడాది అరిజోనాలో మా బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు, గ్రాండ్ కెన్యన్ దారిలో హైవే పక్కనున్న ఒక దుకాణంలో వెండి కడియం కొన్నాను. నడుమ కోడిగుడ్డు ఆకారంలో నీలాకాశం రంగు టర్కాయిజ్ రాయి, దానికి రెండు వైపులా బాణం మొనల్లాంటి ముద్రలు. ఇంటికి తిరిగి వచ్చాక, మా ఊళ్లో చిన్నతనం నుంచీ వెండిపనే చేస్తున్న ఒక పెద్దాయనకు దాన్ని చూపించాను. ఆయన ముందు రాయి వంక చూడలేదు. కడియాన్ని తిరగేసి, లోపలి వైపు బొటనవేలితో నెమ్మదిగా రాశారు. “ఇది సుత్తి దెబ్బ తిన్న వస్తువు కాదు బాబూ, అచ్చులో పోసింది” అన్నారు. చేత్తో ముద్ర కొడితే గీత అంచు పదునుగా దిగుతుందట, వెనక వైపు ఆ దెబ్బ ఆనవాలు ఎంతో కొంత తెలుస్తుందట. ఇక్కడ గీతలు వాడిన సబ్బుబిళ్ల మీది అక్షరాల్లా మొద్దుబారి ఉన్నాయి, లోపలి వైపు సూదిమొనంత గుంటలున్నాయి. సూది కాల్చి రాయి అంచుకు తాకిస్తే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. దుకాణం బోర్డు మీద ‘సౌత్‌వెస్ట్ స్టైల్’, అంటే అమెరికా నైరుతి ప్రాంతపు తీరు అని ఉంది. నేను మాత్రం ఆ ప్రాంతపు స్థానిక తెగ అయిన నవాజోలు చేసిన నగ కొంటున్నాననే అనుకున్నాను. ఆ బోర్డుకీ నా నమ్మకానికీ నడుమ ఎవరి బతుకుతెరువు జారిపోతున్నదో చెప్పడానికే ఈ వ్యాసం.

మన రత్నాల వ్యాపారులు ఫిరోజా అని పిలిచే ఈ టర్కాయిజ్ రాయిని న్యూమెక్సికో, అరిజోనా ప్రాంతంలోని ప్యూబ్లో అనే స్థానిక ప్రజలు వెయ్యేళ్లకు పైగా తవ్వుకుంటున్నారు, పూసలుగా అరగదీసి ధరిస్తున్నారు. వెండిపని మాత్రం అక్కడికి 19వ శతాబ్దంలోనే చేరింది. నవాజోల్లో మొదటి వెండి కమ్మరిగా చెప్పుకునే అట్సిడి సాని ముందుగా ఒక మెక్సికన్ కమ్మరి దగ్గర ఇనుపపని నేర్చుకున్నాడు. 1864లో అమెరికా సైన్యం నవాజోలను వాళ్ల నేల మీది నుంచి తరిమి, వందల మైళ్లు నడిపించి, బోస్క్ రెడోండో అనే చోట నిర్బంధించింది. 1868 ఒప్పందంతో వాళ్లు ఇళ్లకు తిరిగి వచ్చారు. ఆ తరువాతి దశాబ్దాల్లోనే వెండిపని వాళ్లలో విస్తరించింది. అంటే ఈ కళ సుఖంగా ఉన్న రోజుల్లో పుట్టింది కాదు. గొర్రెల మందలూ పంటపొలాలూ నాశనమైపోయి, మళ్లీ మొదటి నుంచి బతుకు కట్టుకుంటున్న మనుషుల చేతుల్లో పెరిగింది.

వాళ్లకు దొరికిన వెండి నాణేలే. అమెరికన్ డాలర్లనూ మెక్సికన్ పెసోలనూ మూసలో కరిగించి, దిమ్మగా పోసి, దాన్ని కాలుస్తూ కొడుతూ రేకుగా సాగదీసేవారు. నాణేలనే కాడ వేసి గుండీలుగా కుట్టుకునేవారు. కాసులపేరు ఎరిగిన తెలుగువాళ్లకు ఇది వింతగా అనిపించదు: చేతిలో ఉన్న డబ్బే ఒంటి మీది నగ, అవసరం పడితే అదే మళ్లీ డబ్బు. తెగలవాళ్లతో సరుకుల వ్యాపారం చేసే ట్రేడింగ్ పోస్టులనే దుకాణాల్లో ఆ నగలే తాకట్టు వస్తువులయ్యాయి. దాగలికి రైలు పట్టా ముక్క, ముద్రలకు పాత ఆకురాళ్ల ఉక్కు వాడుకున్నారు. ముద్రల రూపాలు చాలావరకు మెక్సికన్ తోలుపనివాళ్ల నుంచి వచ్చినవి. హారం అడుగున వేలాడే నెలవంక పతకం ‘నాజా’ స్పెయిన్‌వాళ్ల గుర్రపు కళ్లేల మీది అలంకారం, అంతకు ముందు అది ఉత్తర ఆఫ్రికా నుంచి స్పెయిన్‌కు వచ్చిన ముస్లింలైన మూర్లది. ఏ కళా శూన్యంలోంచి ఊడిపడదు. నేర్చుకోవడం తప్పు కాదనడానికి ఈ చరిత్రే సాక్ష్యం, కనుక నేను నకళ్ల గురించి చేస్తున్న ఫిర్యాదు రూపాలను తీసుకోవడం గురించి కాదు.

నవాజోల నుంచి పొరుగు తెగ జూనీలు, జూనీల నుంచి మరో తెగ హోపీలు ఈ పని అందుకున్నారు. ఎవరి దారి వాళ్లది. నవాజో పనిలో బరువైన వెండీ, దాని మీద లోతైన ముద్రా ప్రధానం. జూనీ పనిలో రాయిదే రాజ్యం: బియ్యపు గింజకన్నా సన్నని రాళ్లను పదుల సంఖ్యలో అరగదీసి, ఒక్కొక్కదానికి విడిగా గూడు కట్టి పొదుగుతారు. హోపీలు రెండు రేకులు తీసుకుని, పైరేకులో బొమ్మను సన్నని రంపంతో కోసి, కింది రేకు మీద టంకంతో అతికి, కింద కనిపించే భాగాన్ని నల్లబరుస్తారు. ఈ పద్ధతిని 1947లో ఫ్రెడ్ కబోటీ, పాల్ సౌఫ్‌కీ అనే హోపీ కళాకారులు రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన హోపీ యువకులకు నేర్పారు, 1949లో సహకార సంఘం కూడా ఏర్పడింది. పాతకాలపు నవాజో పనివాళ్లు రాయిని గూట్లో కూర్చోబెట్టే ముందు అడుగున కాస్త రంపపుపొట్టు వేసేవారు. రాయి ఎత్తు సరిపోతుంది, అంచును దగ్గరకు నొక్కినప్పుడు పగలదు. బయటికి ఎప్పటికీ కనిపించని ఆ చిటికెడు పొట్టు కూడా మజూరీలో భాగమే. ధర తగ్గించాలనుకున్న వాడు మొదట ఎగ్గొట్టేది ఇలాంటి కనిపించని పనినే.

ధర తగ్గించే ఒత్తిడి కొత్తది కాదు. 1899 ప్రాంతంలోనే రైల్వే హోటళ్లు నడిపే ఫ్రెడ్ హార్వీ కంపెనీ పర్యాటకుల కోసం తేలికపాటి నగలను నవాజోల చేత చేయించడం మొదలుపెట్టింది. 1930లలో న్యూమెక్సికోలోని ఆల్బకర్కీ నగరంలో ఉన్న మైజెల్స్ ట్రేడింగ్ పోస్ట్ మీద, వ్యాపార మోసాలను అరికట్టే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు నడిచింది. అక్కడ పని చేసింది స్థానిక తెగలవాళ్లే, కానీ రేకులు నొక్కింది యంత్రాలు. యంత్రంతో నొక్కిన నగలని కొనేవాళ్లకు తెలియజెప్పాలన్నది ఆ కేసులో తేలిన విషయం. ఈ కేసు నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. ఎవరు చేశారు అన్న ప్రశ్నతో పాటు ఎలా చేశారు అన్నది కూడా కొనేవాడికి తెలియవలసిన సంగతేనని తొంభై ఏళ్ల కిందటే అమెరికా న్యాయవ్యవస్థ ఒప్పుకుంది. ఆ తరువాత వచ్చిన చట్టాలు మొదటి ప్రశ్నను పట్టుకున్నంత గట్టిగా రెండో ప్రశ్నను పట్టుకోలేదు.

1990 నాటి ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ చట్టం ప్రకారం, స్థానిక తెగల వాళ్లు చేయని వస్తువును వాళ్లు చేసినట్టు తోచేలా అమ్మడం నేరం. వ్యక్తికి రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. 2015లో న్యూమెక్సికోలో జరిగిన సోదాల్లో ఫిలిప్పీన్స్‌లో చేయించి తెచ్చిన నగలు బయటపడ్డాయి, 2018లో ఒక వ్యాపారికి ఆరు నెలల జైలు పడింది. ఆ స్థాయి దర్యాప్తుకు ఏళ్లు పడుతుంది. ఈలోగా దుకాణాలు ‘నవాజో’ అన్న మాట మానేసి ‘సౌత్‌వెస్ట్ స్టైల్’ అని రాసుకుంటాయి. అందులో ఏ తెగ పేరూ లేదు, ఏ అబద్ధమూ లేదు, కాబట్టి చట్టం చేయి సాధారణంగా అక్కడిదాకా చేరదు. గోడ మీద నవాజో కంబళి, గల్లాపెట్టె పక్కన ఈకల బొమ్మ ఉంటే కొనేవాడి మనసు మిగతా వాక్యం తానే పూర్తి చేసుకుంటుంది. దిగుమతైన ఇలాంటి నగల మీద తయారైన దేశం పేరు చెరగకుండా చెక్కి ఉండాలని అమెరికా కస్టమ్స్ నిబంధన ఉంది. అయితే చెక్కడం వీలుకాని చోట ట్యాగు చాలునన్న మినహాయింపూ ఉంది. ట్యాగు తెంపడానికి కత్తెర చాలు, చెక్కిన అక్షరాలను తీసేయడానికి ఆకురాయి చాలు.

రాయి విషయంలో మోసం ఇంకా తేలిక. అరిజోనాలో గ్లోబ్ పట్టణం దగ్గరి స్లీపింగ్ బ్యూటీ గని మచ్చలేని నీలం రంగు టర్కాయిజ్‌కు పేరుపొందింది. 2012లో అక్కడ టర్కాయిజ్ తీయడం ఆగిపోయాక మేలురకం రాయి ధర పెరిగింది. మెత్తటి రాయికి ఒత్తిడితో రెసిన్ అనే ప్లాస్టిక్‌లాంటి జిగురు ఎక్కించి గట్టిపరచడం అందరూ చేసేదే, ఆ సంగతి చెప్పి అమ్మితే తప్పు లేదు. రాతి పొడిని రెసిన్‌తో ముద్ద చేసి కోసిన దిమ్మా, రంగేసిన హౌలైట్ అనే తెల్లరాయీ టర్కాయిజ్ పేరుతో అమ్ముడుపోవడమే అన్యాయం. పైగా 2025 అక్టోబరులో ఔన్సు వెండి 50 డాలర్లు దాటింది. ఆ ధర లెక్కన మూడు ఔన్సుల కడియం చేతితో కొట్టే మనిషికి, ఒక్క దెబ్బ వేయకముందే నూట యాభై డాలర్లు పెట్టుబడి. పోటీకి నిలిచిన నకలు నగ మొత్తం ధర అంతకన్నా తక్కువ ఉంటుంది.

మరి మేలైన అమ్మకం ఎలా ఉంటుంది? న్యూమెక్సికో రాజధాని శాంటా ఫేలో ప్యాలెస్ ఆఫ్ ద గవర్నర్స్ అనే పాత భవనం వసారా కింద చూడవచ్చు. న్యూమెక్సికో మ్యూజియం నడిపే ఆ పథకంలో, చేసినవాళ్లో వాళ్ల కుటుంబసభ్యులో గోడవారన దుప్పటి పరుచుకుని కూర్చుంటారు. చోటు కోసం పొద్దున్నే లాటరీ తీస్తారు. ప్రతి నగ మీదా చేసినవాళ్ల ముద్ర ఉండాలి. నేను అక్కడ ఒక ఉంగరం చేతిలోకి తీసుకోగానే, దాన్ని అమ్ముతున్న పెద్దావిడ అడగకుండానే తిప్పి లోపలి ముద్ర చూపించి, అది తన కొడుకు ముద్ర అని చెప్పింది. చట్టం ఏళ్ల తరబడి రుజువు చేయడానికి తంటాలు పడేది ఆ వసారా కింద అర నిమిషంలో తేలిపోతుంది. హైవే మీది ప్రతి దుకాణాన్నీ వసారాగా మార్చలేము, నిజమే. చేసినవారి పేరూ పద్ధతీ దేశమూ బిల్లు మీద రాయాలన్న నిబంధన మాత్రం పెట్టగలరు. చేసినవారి పేరు రాయలేకపోతే ‘తెలియదు’ అని రాయాలి.

ఇది మనకు దూరపు గొడవ కాదు. ఫిరోజా పొదిగిన వెండి నగలు జైపూర్‌లోనూ తయారై పాశ్చాత్య దేశాలకు వెళతాయి. ఆ పనివాళ్ల నైపుణ్యాన్ని నేను తక్కువ చేయడం లేదు, వాళ్ల పని వాళ్ల ఊరి పేరుతో అమ్ముడుపోవాలనే కోరుతున్నాను. కరీంనగర్ వెండి తీగపనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరును దుర్వినియోగం చేస్తే మన చట్టంలోనూ ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు ఉంది. రేపు ఎక్కడో యంత్రం మీద పోసిన పళ్లేన్ని ‘కరీంనగర్ స్టైల్’ అని అమ్మితే, తీగను దారంలా లాగి, మెలిపెట్టి, వెలిగారం చల్లి అతికే చేతులకు కలిగే నష్టం న్యూమెక్సికోలోని గాలప్ పట్టణపు నవాజో కుటుంబానికి కలుగుతున్న నష్టంలాంటిదే. అరిజోనాకు పిల్లల దగ్గరికి వెళ్లి కానుకలు కొనే మన తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. బంగారం కొనేటప్పుడు తరుగెంత, మజూరీ ఎంత అని పట్టుబట్టి అడిగే మనం అక్కడ ‘ఇది ఎవరు చేశారు, ముద్ర ఎక్కడుంది’ అని అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు.

నా కడియం బిల్లు ఇంకా దాచుకున్నాను. అందులో ధర ఉంది, పన్ను ఉంది, ఇరవై శాతం తగ్గింపు ఉంది. వస్తువు పేరు దగ్గర ‘కడియం, నీలం’ అని మాత్రమే ఉంది.