సవరణ: పేద పిల్లల ఫీజు, పన్ను మినహాయింపు

పేద పిల్లల చదువు ఖర్చు భరించడం గురించి గత వారం రాసిన టపాలో, ఇంట్లో పనిచేసే ఆవిడ బిడ్డకు మనమే బడిలో ఫీజు కట్టి రసీదు దాచుకుంటే సెక్షన్ 80సీ కింద మినహాయింపు వస్తుందని రాశాను. అది తప్పు. 2026 మార్చి వరకు అమలులో ఉన్న 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని ఆ సెక్షన్ కట్టినవారి సొంత పిల్లలకు, అదీ గరిష్ఠంగా ఇద్దరి ట్యూషన్ ఫీజుకే వర్తించేది.

అదే సొమ్మును, విరాళాలకు పన్ను మినహాయింపునిచ్చే అదే చట్టంలోని సెక్షన్ 80జీ కింద గుర్తింపు ఉన్న సంస్థకు ఇస్తే, ఇలాంటి మినహాయింపులు ఉండే పాత పన్ను విధానంలో ఉన్నవారికి సాధారణంగా ఇచ్చిన దానిలో 50 శాతానికి, ఆదాయాన్ని బట్టి ఉండే పరిమితికి లోబడి, మినహాయింపు లభించేది; అయితే రూ. 2,000 మించి నగదుగా ఇస్తే అదీ వచ్చేది కాదు, సంస్థ ఇచ్చే 10బీఈ అనే విరాళ ధ్రువపత్రం కూడా ఉండాల్సి వచ్చేది. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి 80సీ, 80జీ మినహాయింపులు రెండూ వర్తించేవి కావు. రసీదు చూపితే చాలనుకుని చట్టం చదవకుండా రాయడం నా పొరపాటే. పన్ను తగ్గదని తెలిసినా, నేను మాత్రం ఆ పాప ఫీజు నేరుగా బడికే కడుతున్నాను.