చదివిన కొద్దీ మంచానికి దూరమా?

పోయిన చలికాలం మా పెద్దమ్మకు ఆయాసం ముదిరితే మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు దవాఖాన ఐసీయూ ముందు రెండు రాత్రులు జాగారం చేశాను. రెండో రాత్రి రెండున్నర ప్రాంతంలో తలుపు సందులోంచి చూస్తే, డ్యూటీ సిస్టర్ బీపీ చార్టు నింపేసి దాని కింద పెట్టుకున్న లాంగ్ నోట్‌బుక్ తీసింది. తెల్లారి అడిగితే నాకూ చూపించింది. ఎడమ పక్క తెలుగు, కుడి పక్క తెలుగు లిపిలోనే జర్మన్. నొప్పికి ష్మెర్త్సెన్. రక్తపోటుకు బ్లూట్‌ద్రుక్. ఊపిరికి ఆటెమ్. ఆమె నోట్‌బుక్ తెరిచి రెండు నిమిషాలైనా కాలేదు, లోపల మా పెద్దమ్మ "గుండెల గుబగుబ అయితుంది బిడ్డా" అని గొణిగింది. మానిటర్ ఇంకా మోగలేదు. సిస్టర్ మాత్రం లేచింది. మంచం తలవైపు పైకెత్తి, మాస్కు సరిచేసి, గోళ్ల రంగు చూసింది. ఒంట్లో నీరు చేరిందేమోనని పాదం మీద వేలితో నొక్కి గుంట ఎంతసేపు నిలిచిందో గమనించింది. డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసి మూడే మూడు ముక్కలు చెప్పింది. ఆయన నీరు లాగేసే లాసిక్స్ ఇంజెక్షన్ అనేసరికి ఆంప్యూల్ ఆమె చేతిలోనే ఉంది.

నారాయణపేట వైపు పిల్ల. నర్సింగ్ డిప్లొమా జీఎన్ఎం చేసి, రెండేళ్లు వార్డులో పనిచేసి, ఉన్న ఉద్యోగం వదులుకుని మళ్లీ రెండేళ్లు, డిప్లొమా మీద డిగ్రీ ఇచ్చే పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదివింది. అప్పు చేసి కట్టిన ఫీజు అది. తిరిగొస్తే అవే మంచాలు, అవే నైట్ డ్యూటీలు, పాత జీతం మీద రెండు వేలు ఎక్కువ. గుండె ఆగినవాళ్లను బతికించే శిక్షణకిచ్చే ఏసీఎల్‌ఎస్ కార్డు కూడా సొంత డబ్బుతోనే తెచ్చుకుంది. రెండేళ్లకోసారి దాన్ని రెన్యువల్ చేసుకోవాలి, అదీ జేబులోంచే. ఇప్పుడు జర్మనీ కొలువు కోసం జర్మన్.

మన నర్సులకు పైచదువుల మీద ఆసక్తి లేదనీ, నైపుణ్యం పెంచుకోవడం లేదనీ సదస్సుల్లో ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఒక్క రాత్రి ఇక్కడి వార్డుల్లో గడపాలి. ఫోన్లలో ఎయిమ్స్ నర్సు కొలువుల పరీక్ష నార్సెట్ బిట్లు, విదేశాలకు పోయే వైద్య సిబ్బంది రాసే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ ఆడియోలు, యూట్యూబ్‌లో ఫార్మకాలజీ క్లాసులు. అన్నం తినే పావుగంట కూడా చదువుకే పోతోంది. వాళ్లు చదువుతూనే ఉన్నారు. ఆ చదువును ఏ మెట్టు మీద నిలబెట్టాలో మన వ్యవస్థకే తెలియదు.

సర్కారు కొలువునే చూడండి. తెలంగాణ వైద్యారోగ్య నియామక బోర్డు 2024లో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. వంద పాయింట్లలో 80 పరీక్షకు, 20 కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సేవకు. ఆరు నెలల సేవకు 2 పాయింట్లు, గిరిజన ప్రాంతమైతే 2.5. సేవకు విలువ కట్టడం న్యాయమే, దానితో నాకు పేచీ లేదు. కానీ ఆ వందలో పైచదువుకు ఎన్ని? సున్నా. మూడేళ్ల జీఎన్ఎం చేసినామె, ఆరేళ్లు చదివి ఎమ్మెస్సీ నర్సింగ్ చేసినామె ఒకే వరుసలో నిలబడతారు, ఒకే 36,750 – 1,06,990 స్కేలులో చేరతారు. చేరాక ఇద్దరికీ ముందున్నది సీనియారిటీ లిస్టు. హెడ్ నర్సు, ఆపైన సూపరింటెండెంట్. స్టాఫ్ నర్సును నర్సింగ్ ఆఫీసర్ అన్నారు, గౌరవంగానే ఉంది. బోర్డు మీద పేరు మారింది, బోర్డు వెనక నిచ్చెన మారలేదు.

ఆ నిచ్చెన ఎటు పోతుందో చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఎండీ చేసిన డాక్టరు ఇంకా కష్టమైన రోగి మంచం దగ్గరికి వస్తాడు. నర్సు సంగతి తలకిందులు. హెడ్ నర్సు అయితే దుప్పట్ల లెక్క, ఇండెంట్లు, డ్యూటీ చార్టు, ఎవరో సెలవు పెడితే బతిమాలే ఫోన్లు. ఎమ్మెస్సీ చేస్తే కాలేజీలో ట్యూటరు, చాక్‌పీసు. ఆమె క్రిటికల్ కేర్ నేర్చుకున్నది వెంటిలేటర్ బొమ్మ గీయడానికా? చదువు పెరిగిన ప్రతిసారీ ఒక మంచి చేతిని రోగి మీది నుంచి తీసి రిజిస్టరు మీద పెడుతున్నాం. మరే వృత్తిలోనైనా ఇలా జరిగితే నవ్విపోతారు.

దీనికి ఎదురువాదం నాకు తెలుసు. నర్సింగ్ చేతిపని, అనుభవం ముందు కాగితమెంత అంటారు. డిగ్రీ వస్తే బెడ్‌పాన్ ముట్టుకోరంటారు. హాజరు లేకుండానే సర్టిఫికెట్లిచ్చే దుకాణాలున్నాయి కదా, వాటికీ జీతం పెంచాలా అంటారు. చివరి మాటలో నిజముంది, ఆ దుకాణాలు మూయాల్సిందే. మిగతాది వట్టి మాట. పాదం మీద వేలితో నొక్కి చూడటం అనుభవమే, కానీ ఆ గుంట అర్థం చెప్పింది చదువు.

పైగా చదివిన నర్సు చేతికి అధికారమిస్తే ఏమవుతుందో తెలంగాణే చూపించింది. 2017లో హైదరాబాద్‌లో ప్రసూతి ఆసుపత్రులు నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌లతో కలిసి సర్కారు మిడ్‌వైఫరీ, అంటే కాన్పులు చేసే శిక్షణ మొదలుపెట్టింది. అనుభవమున్న 30 మంది నర్సులను ఎంచి, పద్దెనిమిది నెలలు కూర్చోబెట్టి నేర్పింది. కరీంనగర్ నుంచి ఆ ప్రయోగం నడిచింది. కేంద్రం దేశానికంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది ఆ మరుసటి ఏడాది, 2018 డిసెంబరులో. అంటే ఈ విషయంలో మనం ఢిల్లీ కంటే ఒక అడుగు ముందున్నాం. ఎందుకంత అవసరమొచ్చిందో కూడా గుర్తు చేసుకుందాం. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటులో 81.5 శాతం, సర్కారులో 44.5 శాతం. నూరు మంది తల్లులు ప్రైవేటు గడప తొక్కితే ఎనభై ఒక్క మంది కోతతో బయటికొస్తున్నారు.

మంత్రసాని అంటే మన పల్లెల్లో ఒకప్పుడు ఎంత మాట! నొప్పుల మధ్య ఎడం చూసి కాన్పు ఇంకెన్ని గంటల్లో అవుతుందో చెప్పేది, వేడినీళ్లు ఎప్పుడు పెట్టాలో చెప్పేది. ఆమెకు లేనిది శాస్త్రం, రక్తస్రావమైతే ఆపే మందు. శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌కు ఆ రెండూ ఉన్నాయి. పక్కనే ఉండి నడిపిస్తుంది, పెద్ద రబ్బరు బంతి మీద కూర్చోబెడుతుంది, మామూలు కాన్పును మామూలుగా కానిస్తుంది, తేడా వస్తే వెంటనే డాక్టరును పిలుస్తుంది. ఓపిక ఉన్న చదువు అది. డాక్టరుకు ఓపిక లేదని కాదు, ఒకే రాత్రి ఇరవై కాన్పులున్న చోట ఓపికకు సమయం ఎక్కడిది? పద్దెనిమిది నెలల శిక్షణ ఇంత చేయగలిగినప్పుడు, ఆ సూత్రాన్ని ఐసీయూకు, ట్రామాకు, పసిపిల్లల వార్డుకు ఎందుకు తీసుకుపోరు? నాకైతే ఇప్పటికీ జవాబు దొరకలేదు.

పుస్తకంలో అన్నీ ఉన్నాయి. క్రిటికల్ కేర్, ఎమర్జెన్సీ, నియోనేటల్, ఆంకాలజీ, ఆపరేషన్ థియేటర్ అంటూ నర్సింగ్ కౌన్సిల్ ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాలు రూపొందించింది. వార్డులోనే పనిచేస్తూ నేర్చుకునే రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ రెసిడెన్సీ కూడా ఉంది. 1947 నాటి కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో కొత్త నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టమూ వచ్చింది. కోర్సు ఉంది, చట్టం ఉంది, పాసై వచ్చినామెను కూర్చోబెట్టే కుర్చీ కావాలి.

దక్షిణ తెలంగాణకు ఆ కుర్చీ ఎంత అవసరమో మ్యాపు చూస్తే తెలుస్తుంది. 44వ నంబరు జాతీయ రహదారి జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు మీదుగా అలంపూర్ దాకా మన ఊళ్లను చీల్చుకుంటూ పోతుంది. 65వ నంబరు చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట మీదుగా కోదాడ దాటుతుంది. అర్ధరాత్రి లారీ కింద పడినవాణ్ణి ముందు ముట్టుకునేది సర్జన్ కాదు, క్యాజువాలిటీలోని సిస్టర్. ఆమెకు ట్రామా చదువుంటే హైదరాబాద్ అంబులెన్సు ఎక్కేదాకా ప్రాణం నిలుస్తుంది. జబ్బు పడిన పసికందులను ఉంచే ఎస్‌ఎన్‌సీయూ వార్డుల సంగతీ అంతే. కిలోన్నర బిడ్డకు లైన్ వేయడం నేర్చిన నర్సును అక్కడి నుంచి కదపొద్దని మార్గదర్శకాలు మొత్తుకుంటాయి. రొటేషన్ వచ్చిందంటే ఆమె మగవాళ్ల జనరల్ వార్డులో తేలుతుంది, ఆమె స్థానంలో కొత్త పిల్ల మళ్లీ ఓనమాలు దిద్దుతుంది.

కాలేజీలకైతే లోటు లేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాల, నారాయణపేటల్లో 2024లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. సర్కారు డాక్టర్లకు ఉద్యోగంలో ఉంటూనే పీజీ చదివేందుకు ఇన్‌సర్వీస్ కోటా ఉంది, మంచిదే. అదే లెక్కన నర్సుకు జీతం ఆపకుండా సొంత జిల్లాలోనే స్పెషాలిటీ డిప్లొమా చదివించి, పాసైతే ఆ వార్డులోనే ప్రత్యేక పోస్టు, ప్రత్యేక స్కేలు ఇచ్చి, అయిదేళ్లు ఉంటానని బాండు రాయించుకోండి. ప్రైవేటు సంగతి సరేసరి. యాభై పడకల్లోపు దవాఖానల్లో కూడా నర్సు జీతం 20 వేలకు తగ్గొద్దని సుప్రీంకోర్టు ఆదేశం మీద ఏర్పడిన కమిటీ 2016లోనే చెప్పింది. ఆ కాగితాన్ని మన జిల్లాల్లో ఎంత మంది యజమానులు చదివారో వాళ్ల పే స్లిప్పులే చెబుతాయి.

ఇక నా మనసులో అసలు గుచ్చుకునే మాట. పాలమూరు అంటే దేశానికి వలస కూలీ. మా తాతల తరం తట్ట, పార పట్టుకుని డ్యాముల దగ్గరికి పోయింది. నారాయణపేట, కోస్గి నుంచి ముంబయి బస్సులు ఈ రోజుకూ నిండుగానే పోతున్నాయి. బిడ్డను చదివిస్తే ఈ రాత తప్పుతుందని మన తల్లులు గాజులమ్మి నర్సింగులో చేర్పించారు. తీరా చూస్తే వలస తప్పలేదు, టికెట్టు మాత్రం విమానానిదైంది. ఇప్పుడు విదేశీ కొలువులు చూసిపెట్టే సర్కారు సంస్థ టామ్‌కామే నర్సులను జర్మనీకి, జపాన్‌కు పంపే పని చూస్తోంది. పోయేవాళ్లను నేను తప్పుపట్టను. జర్మన్ భాషా పరీక్ష బీ2 పాసై పోయి నాలుగు రాళ్లు సంపాదించుకుంటే సంతోషమే. కానీ మెట్టు దొరక్క పోవడాన్ని కూడా అవకాశమని పిలుస్తుంటే ఒళ్లు మండుతుంది. కూలికి పోయినప్పుడు కరువన్నాం, నేలను తిట్టుకున్నాం. వానలు సరిగ్గా పడిన ఏడాది కూడా ఈ పిల్లలు పోతున్నారు కదా, మరి దీన్నేమనాలి? "గుబగుబ", "గుంజుడు", "సలుపుడు" అంటే వేర్వేరు నొప్పులని ఏ సిలబస్‌లోనూ లేదు. ఆ తేడా పట్టగలిగిన చెవిని మనమే తయారుచేసి, ష్మెర్త్సెన్ వినడానికి పంపిస్తున్నాం.

పెద్దమ్మ డిశ్చార్జి రోజు ఆ సిస్టర్ క్యాన్యులా తీసి దూది నొక్కిపట్టి నిలబడి ఉంటే అడిగాను. "ఇక్కడే ఐసీయూ స్పెషలిస్టు నర్సని పోస్టు పెట్టి, చదువుకు తగ్గ జీతమిస్తే ఉంటవా అమ్మా?"

దూది మీద ప్లాస్టర్ వేసి, గ్లౌజులు విప్పుతూ అంది. "ఆ పోస్టు ఏ జీవోల ఉంది సార్?"