ఊరి ఇంటికి ఎయిర్ ప్యూరిఫయర్ కొనేముందు

చలికాలం పొద్దున్నే విజయనగరంలో ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 ధూళి (2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నటి రేణువులు) 55 మైక్రోగ్రాములు ఉందనుకుందాం. డల్లాస్‌లో ఉన్న కొడుకు అమెరికా లెక్కన గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) చూపే యాప్ తెరిస్తే 149 అని నారింజ రంగులో కనిపిస్తుంది. అదే గాలికి మన దేశపు సూచీ 92 వేసి ‘సంతృప్తికరం’ అంటుంది. కొడుకు కంగారుపడి ప్యూరిఫయర్ కొని సూట్‌కేసులో సర్దుతాడు. తండ్రేమో ఇక్కడ గాలికేమైందిరా అంటాడు. ఇద్దరూ చూస్తున్నది ఒకే గాలిని.

అందుకే సూచీ అంకె పక్కనపెట్టి మైక్రోగ్రాముల్లో మాట్లాడుకోవాలి. మన దేశ ప్రమాణం ప్రకారం పీఎం 2.5 రోజు సగటు 60, ఏడాది సగటు 40 దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దులు 15, 5. ఉబ్బసమో గుండెజబ్బో ఉన్న పెద్దవాళ్ల ఇంటికి ఈ రెండో లెక్కే పట్టుకోవాలని నా అభిప్రాయం. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద, ప్రమాణాలు అందుకోని పట్టణాల జాబితాలో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. కాబట్టి ‘ఢిల్లీలాంటి ఊళ్ల గొడవ, మనకెందుకు’ అనుకోవడానికి లేదు. అలాగని ఢిల్లీలో కొనే మిషనే ఇక్కడా కొనాలనీ లేదు.

ముందు తేల్చుకోవలసింది ఆ ఇంటి చుట్టూ గాలిలో ఏముందన్నది. రోడ్డు దుమ్ము, క్రషర్ దుమ్ము, టెక్కలి వైపు గ్రానైటు కోత పొడి, నూర్పుల కాలంలో కళ్లాల మీంచి వచ్చే పొట్టు, వీటిలో ఎక్కువ భాగం ముతక ధూళి. రోడ్డు వైపు కిటికీ మూసి, రోజూ తడిగుడ్డ పెట్టి తుడిస్తే చాలావరకు అదుపులోకి వస్తుంది. వాకిట్లో కళ్లాపి చల్లాకే ఊడ్చే అలవాటు ఈ దుమ్ముకు మంచి మందు. పొడి చీపురుతో ఊడిస్తే కింద పడ్డదంతా మళ్లీ ముక్కు ఎత్తుకు లేస్తుంది. పొగ దారి వేరు. ఇటుక బట్టీ, రైసుమిల్లు ఊక పొయ్యి, చెత్తకుప్ప మంట, భోగి మంట, వీటి నుంచి వచ్చేది సన్నటి ధూళి. కిటికీ సందుల్లోంచి దూరి గంటల తరబడి గాలిలోనే తేలుతుంది. సన్నటి ధూళిని పట్టే మడతల వడపోత, అంటే హెపా ఫిల్టరు, నిజంగా పనికొచ్చేది ఇక్కడే. పలాస-కాశీబుగ్గ చుట్టుపక్కల జీడిపిక్కల తొక్క కాల్చిన పొగకు హెపా ఒక్కటీ చాలదు. తొక్కలో ఉన్న నూనె ఘాటు వాయువుగా కూడా వస్తుంది, దాన్ని పట్టాలంటే వాయువుల్ని పీల్చుకునే కార్బన్ (ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు) ఫిల్టరు కావాలి. పైడిభీమవరం లాంటి పారిశ్రామికవాడ పక్కన రసాయనాల వాసన తగిలే ఇళ్లకూ ఇదే వర్తిస్తుంది. అట్ట మీద ‘యాక్టివేటెడ్ కార్బన్’ అని ఉంటే సరిపోదు. నల్లపొడి అద్దిన పల్చటి జాలీ కొద్ది వారాల్లోనే చేతులెత్తేస్తుంది. గుళికల కార్బన్ ఎన్ని గ్రాములుందో అడగండి. చెప్పలేని మిషనును వాసన కోసం కొనకండి.

ఇక ఇంటి లోపలి పొగ. అమ్మానాన్నల గదిలో గాలి చెడేది చాలాసార్లు ఇక్కడే. ఒక్క దోమల కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే పీఎం 2.5 బరువు, 75 నుంచి 137 సిగరెట్ల పొగకు సమానమని 2003లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. మూసిన గదిలో మంచం కింద కాయిల్ వెలిగించి, పక్కనే ప్యూరిఫయర్ తిప్పడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే. ముందు దోమతెర కట్టించండి. అగరొత్తులు, సాంబ్రాణి పూజగదిలో వేసుకుని, ఆ కాసేపు కిటికీ తీసి ఉంచితే చాలు. వంటింట్లో పోపు ఘాటుకు గోడ పైభాగాన ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టండి. ప్యూరిఫయరును వంటింట్లో పెడితే నూనె ఆవిరి పట్టి ఫిల్టరు జిగురుగా తయారై నెలల్లోనే పాడవుతుంది. ఇంట్లో చుట్ట కాల్చే పెద్దవాళ్లుంటే, ముఖ్యంగా మన వైపు ఆడవాళ్లలో ఉన్న అడ్డపొగ (చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని పీల్చే) అలవాటు ఉంటే, దానికి ఏ మిషనూ విరుగుడు కాదు. ఆ మాట వాళ్లతో ప్రేమగా, నేరుగా మాట్లాడుకోవాలి.

ఇవన్నీ చేశాక కూడా మిషను అవసరమైతే ఇల్లంతటికీ వద్దు, పడకగది ఒక్కదానికి చాలు. మండువా లోగిలికీ పెంకుటింటికీ దీనివల్ల ఉపయోగం లేదు, గాలి నిలవని చోట ఎంత వడకట్టినా ఫలితం ఉండదు. డాబా ఇంట్లో 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది తీసుకోండి. అందులో 1,440 ఘనపుటడుగుల గాలి ఉంటుంది, అంటే దాదాపు 41 ఘనపు మీటర్లు. గంటకు ఐదుసార్లు ఆ గాలంతా వడకట్టాలంటే సీఏడీఆర్ (మిషను గంటకు అందించే శుభ్రమైన గాలి) 205 ఘనపు మీటర్లు కావాలి. అట్ట మీద రాసేది పెద్ద స్పీడు లెక్క. ఆ స్పీడు మోతకు నిద్రపట్టక రాత్రి పదింటికల్లా నాన్న స్విచ్ కట్టేస్తారు. అందుకని 300 పైబడిన మిషను కొని, నడిమి స్పీడులో తిప్పుకోమనండి. 40 వాట్లది రాత్రికి పది గంటలు తిరిగితే నెలకు 12 యూనిట్లు.

కొనేది ఇండియాలోనే కొనండి. అమెరికా మిషను 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌ది, మన ప్లగ్గులో వచ్చేది 230, 50. నేరుగా పెడితే కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి తగ్గిస్తుందే తప్ప హెర్ట్జ్ మార్చదు, దాంతో ఏసీ మోటారు నెమ్మదించి వేడెక్కుతుంది. అడాప్టరు మీద 100-240 అని ఉన్న మిషను నడుస్తుంది కానీ, దాని ఫిల్టరు అరిగాక మళ్లీ ఎవరో సూట్‌కేసులో తేవాలి. ఫిల్టరు నంబరు రాసుకుని, శ్రీకాకుళం పిన్‌కోడ్ వేసి దొరుకుతుందో లేదో చూశాకే మిషనుకు డబ్బు కట్టండి. అయనైజరు, ఓజోను అని గొప్పగా రాసినవాటి జోలికి పోవద్దు. వాటి నుంచి వెలువడే ఓజోను ఊపిరితిత్తులకు చెరుపు. కాలిఫోర్నియాలో ఇంటి ప్యూరిఫయర్లకు ఓజోను 0.050 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 0.050 పాళ్లు) దాటకూడదని చట్టమే ఉంది. టచ్ బటన్ల మిషన్లలో మరో చిక్కుంది. రాత్రి కరెంటు పోయి వస్తే కొన్ని వాటంతటవి మొదలవవు. కొట్లో ఉండగానే ప్లగ్గు పీకి, మళ్లీ పెట్టి చూపించమనండి.

ఎక్కువగా జరిగే పొరపాటు మొదటి రోజే జరుగుతుంది. కొత్త మిషనులో ఫిల్టరు ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంటుంది, సంచి మిషను లోపలే ఉంటుంది. వెనక తలుపు తీసి సంచి విప్పకుండా ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, గాలి మాత్రం శుభ్రపడదు. వీడియో కాల్‌లో ఆ తలుపు మీ ఎదుటే తీయించండి. తెల్లటి మడతలు నేరుగా కనిపించాలి, చేత్తో తాకితే కాగితంలా తగలాలి, మెరిసే కవరులా కాదు. బయటి జాలీని రెండు వారాలకోసారి కడిగి, బాగా ఆరాకే బిగించాలి. హెపాను కుళాయి కింద కడిగితే ఇక అది పారేయాల్సిందే. పైగా మన కోస్తా తేమకు తడిసిన ఫిల్టరు బూజు పడుతుంది. గది తలుపు మీది వెంటిలేటరుకు రెక్క లేకపోతే అట్టముక్కతోనైనా మూయాలి, తలుపు కింది సందుకు పాత దుప్పటి మడిచి పెట్టాలి. పొద్దున్న లేవగానే కాసేపు కిటికీలు తీయకపోతే గది ఉక్కగా తయారవుతుంది. మిషను ధూళిని పడుతుందే గాని మనం వదిలే బొగ్గుపులుసు గాలిని (కార్బన్ డయాక్సైడ్‌ను) పట్టదు.

విదేశాల్లో ఉన్న మన ఊరివాళ్ల సంఘాలకు ఒక మాట. ఊరి బడికీ అంగన్‌వాడీకీ ప్యూరిఫయర్లు విరాళమిద్దామన్న ఆలోచన మంచి మనసుతో వచ్చిందే. కానీ తలుపులు తెరిచి ఉండే బడి గదిలో అవి అలంకారంగా మిగులుతాయి. ఏడాది తర్వాత ఫిల్టరు ఎవరు కొంటారన్న ప్రశ్నకు జవాబుండదు. ఆ డబ్బుతో మండలానికి రెండు పీఎం 2.5 మీటర్లు కొని, ఇల్లిల్లూ తిప్పడం మేలు. ఒక్కో ఇంట్లో వారం ఉంచి పోపు వేళ, కాయిల్ వేళ, అర్ధరాత్రి ఒకసారి, పొద్దున మంచు విడిచాక ఒకసారి అంకె రాసుకోమనాలి. మంచులో ఈ చిన్న మీటర్లు నీటి తుంపరను కూడా ధూళిగా లెక్కేసి ఎక్కువ చూపిస్తాయి కాబట్టి ఆ వేళ అంకెను నమ్మకూడదు. మిషను ఉన్న ఇంట్లోనైతే గది మూసి అరగంట తిప్పి చూడాలి. అంకె సగానికైనా దిగకపోతే సంచో, సందో, కాయిలో ఎక్కడో మిగిలి ఉన్నట్టే. వారం అంకెలున్న ఆ కాగితం ఫోటో తీసి పంపిస్తే, ఏ ఇంటికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ కావాలో, ఏ ఇంటికి దోమతెర చాలో, ఏ ఇంటికి నిజంగా ప్యూరిఫయర్ కొనాలో ఇక్కడినుంచే చెప్పొచ్చు.