తోటకూర సంబంధం

మా పెద్దమ్మ గుంటూరు బ్రాడీపేటలో నలభై ఏళ్లుగా సంబంధాలు కుదురుస్తోంది. ఆవిడ అనుభవాన్ని తక్కువ చేసే ధైర్యం నాకు లేదు కానీ, శాస్త్రవేత్తలు కొత్త రకం పుట్టించడానికి తోటకూరకి సంబంధం చూసే తీరు తెలిశాక మాత్రం మన పెళ్లిళ్ల పేరయ్యలందరినీ ఓ నెల లాం ఫారానికి, అదే మా ఊరి పక్కనున్న వ్యవసాయ పరిశోధనా కేంద్రానికి, ట్రైనింగ్‌కి పంపాలనిపిస్తోంది.

అక్కడ జాతకాలుండవు, కొలతలే. మొక్క ఎత్తు, ఆకుల లెక్క, ఆకు వెడల్పు, కాడ లావు, ఎన్నాళ్లకు పూస్తుంది, ఇవన్నీ కలిపి, ఒక రకానికీ ఇంకో రకానికీ ఎంత తేడా ఉందో చెప్పే డీ స్క్వేర్ అని ఒక దూరం కడతారు. దగ్గరివాళ్లంతా ఒక గుంపు, ఆ గుంపులోవాళ్లని ఒకరికొకరిని ఇవ్వడానికి అంతగా ఇష్టపడరు, సగోత్రం కదా! తమాషా ఏంటంటే గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ 1936లో ప్రకటించిన ఈ లెక్క తోటకూర కోసం పుట్టింది కాదు. కలకత్తా ఆంగ్లో ఇండియన్ల ఒంటి కొలతలతో ఏళ్లతరబడి కుస్తీపడితే వచ్చింది. మన ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన సి.ఆర్. రావు గారు దాన్నే కేంబ్రిడ్జికి పట్టుకెళ్లి, సూడాన్ తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాలు ఎవరికి ఎంత దగ్గరో చూశారు. మనుషుల కోసం కట్టిన లెక్కని మనుషులు వదిలేస్తే ఆకుకూరలు వాడుకుంటున్నాయి.

దూరమంటే కిలోమీటర్లూ కాదండోయ్. శ్రీకాకుళం విత్తనం, తెనాలి విత్తనం ఒకే గుంపులో పడొచ్చు, ఒకే ఊళ్లో రెండు గట్ల మీది మొక్కలు ఎవరికి వారే కావచ్చు. డాలస్ సంబంధం అని ఎగిరి గంతేస్తే తీరా అబ్బాయి మన మేనత్త తోడికోడలి కొడుకని తేలినట్టు. పోనీ దూరమైతే చాలా అంటే అదీ కాదు, ఆకు పీలగా ఉన్నా, తెల్ల తుప్పు తెగులు ఇట్టే అంటుకునే ఒళ్లయినా మొహమాటం లేకుండా వద్దనేస్తారు.

ఇదంతా మొన్న పెద్దమ్మకి చెప్పాను. గోంగూర తుంచుతూ విని, "ఆ లెక్కలు మనకెందుకురా, మీ చెల్లికి మావయ్య కొడుకున్నాడుగా, ఇంటి పిల్ల ఇంట్లోనే ఉంటుంది" అంది. తర్వాత డాబా మీదికి తీసుకెళ్లి తోటకూర కుండీలు చూపించింది. జానెడు మొక్క, నాలుగాకులు, అప్పుడే కంకి. ఏటా అన్నిటికంటే ముందు పూసినదాని గింజలే జీలకర్ర డబ్బాలో దాస్తోందట, తొందరగా చేతికొస్తాయని. అలా ఏరగా ఏరగా మొక్కకి ఆకు వేసే ఓపిక పోయి పూసే తొందర మిగిలింది.

"ఇంటి విత్తనం ఇంట్లోనే వేస్తూ వచ్చా, లాభం లేదురా" అంది పెద్దమ్మ, "ఈసారి బయటిది, మంచిది చూసి పట్రా."