మల్టీగన్ షాట్‌గన్: కొనేముందు తిరగేసి చూడాల్సిందే

మల్టీగన్ అంటే రైఫిల్, పిస్టల్, షాట్‌గన్ మూడిటితో టైమ్ మీద కాల్చే పోటీ. అది ఆడదామనుకునేవాళ్ళకి రైఫిల్ దగ్గర పెద్ద గొడవేం ఉండదు, పిస్టల్ చాలామంది దగ్గర అప్పటికే ఉంటుంది, చిక్కంతా షాట్‌గన్ దగ్గరే. ఏది కొనాలి అని అడిగితే చాలు, ఒకాయన బెనెల్లీ ఎం2 అంటాడు, ఇంకొకాయన బెరెట్టా 1301 అంటాడు, అంత ఎందుకండీ మాస్‌బర్గ్ 940 చాలదా అని మూడో ఆయన, ఇక అక్కడ్నుంచి గన్ లోపలి మెకానిజం గ్యాస్‌తో నడవాలా ఇనర్షియాతోనా అనే పాత పంచాయితీ మొదలై ఎంతకీ తెగదు. ఇందులో అందరూ గన్‌ని తప్పు వైపు నుంచి చూస్తున్నారని నా అభిప్రాయం. ఎంత స్పీడ్‌గా పేలుతుంది, భుజానికి ఎంత కిక్ తగులుతుంది, ఇవే మాటలు. కానీ ఈ ఆటలో షాట్‌గన్ టైమ్ ఎక్కువగా తినేసేది గన్ అడుగున, ట్రిగ్గర్ గార్డ్‌కి కాస్త ముందు ఉండే లోడింగ్ పోర్ట్, అంటే తూటాలు నింపే కన్నం దగ్గర, దాన్ని మాత్రం కొనేటప్పుడు తిరగేసి చూసేవాళ్ళు తక్కువ.

లెక్క వేసి చూడండి. రైఫిల్‌కి 30 రౌండ్ల మ్యాగజీన్ పెడతారు, పిస్టల్‌కి కూడా మ్యాగజీన్ ఊడదీసి ఇంకోటి గుచ్చడమే, ప్రాక్టీస్ ఉన్నోడికి సెకను రెండు సెకన్ల పని. షాట్‌గన్‌కి ఆ సుఖం లేదు, బ్యారెల్ కింద ట్యూబ్ ఉంటుంది, అందులోకి షెల్స్‌ని, అంటే షాట్‌గన్ తూటాల్ని, చేత్తో తోయాలి. చాలా మ్యాచుల్లో ట్యూబ్ గన్ల డివిజన్‌లో బజర్ మోగేటప్పటికి 9 షెల్స్ కంటే ఎక్కువ ఉండకూడదని రూల్ పెడతారు. ఒక స్టేజ్‌లో, అంటే మ్యాచ్‌లో ఒక భాగంలో, షాట్‌గన్ టార్గెట్లు 20 ఉన్నాయనుకోండి, ఒక్కటి కూడా మిస్ కాకపోయినా ఇంకో 11 షెల్స్ పరిగెడుతూ నింపుకోవాల్సిందే, రెండు మిస్సయితే 13. ఇప్పుడు ఖరీదైన ఫాస్ట్ గన్ వల్ల షాట్‌కీ షాట్‌కీ మధ్య 0.25 సెకన్లు పట్టేది 0.20 అయింది అనుకుందాం, 20 షాట్లకి కలిపి మిగిలింది ఒక్క సెకను. అది కూడా కాగితం మీదే, ఎందుకంటే ఒక ప్లేట్ నుంచి ఇంకో ప్లేట్‌కి గన్ తిప్పడానికే అంతకంటే ఎక్కువ టైమ్ పడుతుంది, ఆ లోపల ఏ గన్ అయినా రెడీగానే ఉంటుంది. అదే ఒక్క షెల్ పోర్ట్ అంచుకి తగిలి చేతిలోంచి జారిందా, ఆ సెకను కాస్తా అక్కడే పోయింది. 1301 మిగతా వాటికంటే 36 శాతం ఫాస్ట్ అని బెరెట్టా వాళ్ళు ప్రచారం చేసుకుంటారు, కావచ్చు, మంచి గన్నే, కానీ ఆ 36 శాతాన్ని స్కోర్ షీట్ మీద చూపించగలిగే షూటర్ ఎక్కడో ఒకడు ఉంటాడు.

ఒకప్పుడు షెల్స్ ఒక్కొక్కటే తోసేవాళ్ళు. తర్వాత రెండేసి, ఆ తర్వాత నాలుగేసి నింపే పద్ధతి వచ్చి ఆట మొత్తం మారిపోయింది, దాన్నే క్వాడ్ లోడింగ్ అంటారు. నడుముకో ఛాతీకో కట్టుకున్న క్యాడీల్లో షెల్స్ రెండేసి వరసల్లో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, చెయ్యి వేస్తే నాలుగు ఒకేసారి వస్తాయి, గన్‌ని తిరగేసి పోర్ట్ పైకి వచ్చేలా పట్టుకుని ముందు రెండు, ఆ వెనకే ఇంకో రెండు బొటనవేలితో తోసేస్తారు. బాగా తేలినవాళ్ళు చేస్తుంటే చూడ్డానికి మాయలా ఉంటుంది. పైన చెప్పిన 11 షెల్స్‌కి ఇలా అయితే మూడుసార్లు చెయ్యి వేస్తే చాలు, రెండేసి అయితే ఆరుసార్లు. ఈ పద్ధతి పనిచేయాలంటే పోర్ట్ వెడల్పుగా ఉండాలి, అంచులు నున్నగా వాలుగా కోసి ఉండాలి, లోపల షెల్‌ని పైకి ఎత్తే లిఫ్టర్ బొటనవేలికి అడ్డం రాకూడదు. లిఫ్టర్ మధ్యలో చీలిక ఉన్న గన్లలో బొటనవేలు అందులో ఇరుక్కుని గోరు దగ్గర చర్మం లేచిపోతుంది, ఒకసారి అయితే పర్లేదు, ప్రాక్టీస్ అంటే అదే పని వందల సార్లు చేయాలి కదా. బెనెల్లీ ఎం2 ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు పోర్ట్ అంత విశాలంగా ఉండదు, అందుకే పోటీలో కనిపించే ఎం2లు ఎక్కువభాగం గన్‌స్మిత్ చేతిలో పడి వచ్చినవే, పోర్ట్ తెరిపించి, లిఫ్టర్‌కి వెల్డింగ్ చేయించి పొడుగు చేయించి, బోల్ట్‌ని (షెల్‌ని ఛాంబర్‌లోకి తోసి మూసే భాగం) వదిలే రిలీజ్ బటన్ పెద్దది వేయించి. గన్ ఖర్చు ఒకటి, ఈ పని ఖర్చు ఇంకోటి, పైగా నెలల తరబడి వెయిటింగ్. ఇది తెలీక ఎం2 కొన్నాం ఇక అయిపోయింది అనుకునేవాళ్ళు ఉన్నారు.

ఇక్కడే మాస్‌బర్గ్ 940 జేఎం ప్రో లాంటివి నాకు నచ్చుతాయి. పేరులో జేఎం అంటే జెర్రీ మిక్యులెక్ అనే పేరున్న అమెరికన్ పోటీ షూటర్, ఆయన సలహాతో చేసిన గన్, 2020లో వచ్చింది, పోర్ట్ ఫ్యాక్టరీలోనే పెద్దదిగా కోసి, 24 అంగుళాల బ్యారెల్, ట్యూబ్‌లో 9 ప్లస్ ఛాంబర్‌లో 1. స్టోగర్ ఎం3కె కూడా ఇదే దారి, ఇనర్షియా గన్, తయారీ టర్కీలో, త్రీగన్ (మూడు గన్ల మల్టీగన్) కోసమే అని పోర్ట్, బోల్ట్ హ్యాండిల్, రిలీజ్ బటన్ అన్నీ మార్చి ఇస్తారు. ఫినిషింగ్‌లో బెనెల్లీ పక్కన పెడితే తేడా కనిపిస్తుంది, అది నిజం. కానీ మొదటి రెండు సీజన్లలో షూటర్‌కి కావాల్సింది ఫినిషింగ్ కాదు కదా, పెట్టెలోంచి తీసి అదే వారం మ్యాచ్‌కి తీసుకెళ్ళగలిగే గన్.

షాపులో ఎలా చూడాలంటే, పర్మిషన్ అడిగి డమ్మీ (పేలని) షెల్స్ తీసుకుని ట్యూబ్ పూర్తిగా నింపండి. మొదటి మూడు షెల్స్ ఏ గన్‌లో అయినా సులువుగానే వెళ్తాయి, వాటిని చూసి మోసపోవద్దు. ఏడోది ఎనిమిదోది తోసేటప్పుడు స్ప్రింగ్ ఎంత ఎదురు తంతోంది, షెల్‌ని ట్యూబ్‌లో ఆపే లాచ్‌ని షెల్ దాటినప్పుడు టక్ మని కూర్చుంటోందా లేక వెనక్కి జారి చేతిలోకే వస్తోందా, అక్కడ తెలుస్తుంది గన్ సంగతి.

అయితే ఇదంతా ట్యూబ్ గన్ల గురించి. కాబట్టి గన్ కంటే ముందు డివిజన్ తేల్చుకోవాలి, చాలామంది దీన్ని రివర్స్‌లో చేస్తారు, గన్ కొనేసి తర్వాత రూల్‌బుక్ తెరుస్తారు. ఓపెన్ డివిజన్‌లో షాట్‌గన్ మీద రెడ్ డాట్ (ఎర్ర చుక్క చూపించే సైట్), కాంపెన్సేటర్ (బ్యారెల్ చివర కిక్ తగ్గించే భాగం), ఊడదీసే బాక్స్ మ్యాగజీన్ ఇలా దాదాపు ఏదైనా నడుస్తుంది. టాక్టికల్ అనే డివిజన్‌లో ట్యూబే ఉండాలి, షాట్‌గన్ మీద రెడ్ డాట్ లాంటి ఆప్టిక్ ఉండదు, ఎక్కువమంది ఆడేది ఇక్కడే. హెవీ మెటల్ అని ఇంకోటి ఉంటుంది, .308 రైఫిల్, .45 పిస్టల్, పంప్ షాట్‌గన్ (ప్రతి షాట్‌కీ చేత్తో ముందుకీ వెనక్కీ లాగి నడిపేది), మగాళ్ళ డివిజన్ అని సరదాగా చెప్పుకుంటారు. ఐప్సిక్ (అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య) షాట్‌గన్ పోటీలకి మళ్ళీ వేరే పేర్లు, ఓపెన్, మాడిఫైడ్, స్టాండర్డ్, స్టాండర్డ్ మాన్యువల్. ఒక్క రెడ్ డాట్ పెట్టినందుకు మీ మామూలు గన్ ఓపెన్‌లోకి వెళ్ళిపోయి బాక్స్ మ్యాగజీన్ల వాళ్ళతో తలపడాల్సి రావచ్చు, ఆ పోలిక న్యాయంగా ఉండదు.

బాక్స్ మ్యాగజీన్ ఉంటే ఈ లోడింగ్ బాధే లేదు కదా అని కొత్తవాళ్ళకి అనిపించడం సహజం, బాక్స్ మ్యాగజీన్‌తో వచ్చే రష్యన్ షాట్‌గన్లు సైగా 12, వెప్ర్ 12 మీద మోజు అలాగే పుట్టింది. కానీ షాట్‌గన్ షెల్ అంటే అడుగున అంచు బయటికి పొడుచుకొచ్చిన ప్లాస్టిక్ గొట్టం, మ్యాగజీన్‌లో ఒకదాని మీద ఒకటి నొక్కి పెట్టి ఉంచితే కింది షెల్స్ కాస్త అణిగి గుండ్రం పోతాయి, అంచులు ఒకదానికొకటి తట్టుకుంటాయి, అందుకే ఈ గన్లని నమ్మకంగా నడిపించాలంటే బాగా ట్యూన్ చేయించాలి. పైగా అమెరికా ఆంక్షల వల్ల 2014లో సైగా తయారుచేసే కలాష్నికోవ్ కన్సర్న్ గన్లు, 2017లో వెప్ర్ తయారుచేసే మోలోట్ గన్లు అక్కడికి రావడం ఆగిపోయింది, మ్యాగజీన్లు, స్పేర్ పార్ట్స్ వెతుక్కోవడం అదో పని. మొదటి గన్‌గా వీటి జోలికి వెళ్ళొద్దనే నేను అంటాను.

ఇప్పుడు ఆ పాత పంచాయితీ సంగతి. గ్యాస్ గన్‌లో పేలిన వాయువు కొంచెం బ్యారెల్ రంధ్రాల్లోంచి బయటికి తీసుకుని పిస్టన్‌ని తోసి బోల్ట్ తెరుస్తారు, కిక్ మెత్తగా ఉంటుంది, మసి పడుతుంది, కడుక్కోవాలి. ఇనర్షియా గన్‌లో పిస్టన్ లేదు, గన్ మొత్తం వెనక్కి తన్నినప్పుడు బోల్ట్ బాడీ ఉన్నచోటే ఉండిపోయి మధ్యలో స్ప్రింగ్ నొక్కుకుంటుంది, ఆ స్ప్రింగ్ విచ్చుకున్నప్పుడు బోల్ట్ తెరుచుకుంటుంది, శుభ్రంగా ఉంటుంది, తేలిగ్గా ఉంటుంది, కిక్ ఎక్కువ. దీంట్లో మెలిక ఏంటంటే గన్ కదిలితేనే గన్ పనిచేస్తుంది. ట్యూబ్ ఎక్స్‌టెన్షన్ బిగించి దాని నిండా షెల్స్ పెట్టి, పక్కన ఇంకేవో తగిలించి బరువు పెంచేసి, ఆపైన మెత్తటి లైట్ లోడ్స్ (శక్తి తక్కువున్న షెల్స్) వాడితే గన్ చాలినంత కదలక ఖాళీ షెల్ సరిగ్గా బయట పడదు. ఇంకోటి, బోల్ట్‌ని మెల్లగా వదిలినా, పొరపాటున హ్యాండిల్ దేనికైనా తగిలినా బోల్ట్ హెడ్ పూర్తిగా లాక్ అవ్వకపోవచ్చు, ట్రిగ్గర్ లాగితే టిక్ మంటుంది కానీ పేలదు, బెనెల్లీ క్లిక్ అని దానికి పేరే పడిపోయింది. ఇవి తెలిసి కొంటే రెండిట్లో ఏదైనా పర్లేదు. ఏ షెల్ మీకు ఎప్పుడూ దొరుకుతుందో దాన్ని ఆ గన్ తింటుందా లేదా అన్నదే చూడాలి, ఒక కేసు షెల్స్ ఆపకుండా కాల్చి చూస్తే ఏ రివ్యూ చెప్పనిది తెలుస్తుంది.

బ్యారెల్ గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు, 21 నుంచి 24 అంగుళాల మధ్య ఏదైనా సరిపోతుంది. నిజానికి బ్యారెల్ పొడవుని ట్యూబే నిర్ణయిస్తుంది, 12 గేజ్ (గేజ్ అంటే గొట్టం లావు కొలత) షెల్ 2¾ అంగుళాలు అని రాసి ఉన్నా అది పేలి విచ్చుకున్నాక కొలత, పేలకముందు సుమారు 6 సెంటీమీటర్లే ఉంటుంది, 9 షెల్స్ అంటే 54 సెంటీమీటర్లు, దానికి అణిగిన స్ప్రింగ్ కలుపుకోండి, ట్యూబ్ ఎక్కడిదాకా వస్తుందో తెలిసిపోతుంది. ఇక గేజ్ అంటారా, రూల్ ప్రకారం చాలాచోట్ల 20 కూడా నడుస్తుంది కానీ క్యాడీలు, షెల్స్, పార్ట్స్ అన్నీ 12 చుట్టూనే తిరుగుతాయి.

చోక్‌లు (గుళ్ళు ఎంత చెదరాలో నిర్ణయించే బ్యారెల్ చివరి బిగింపు గొట్టాలు) ఊడదీసి మార్చుకునేలా ఉండాలి, ఇది మాత్రం పట్టుబట్టండి. పడగొట్టాల్సిన స్టీల్ ప్లేట్లు దగ్గరగా ఉంటే కాస్త వెడల్పైన ఇంప్రూవ్డ్ సిలిండర్ చోక్ హాయిగా సరిపోతుంది, దూరం పెరిగితే గుళ్ళు చెదిరి ప్లేట్ ఊగుతుందే గానీ పడదు, అప్పుడు ఇంకాస్త బిగువైన మాడిఫైడ్ చోక్ కావాలి. అన్నిటికంటే బిగువైన ఫుల్ చోక్‌లోంచి స్లగ్ (గుళ్ళకి బదులు ఒకే పెద్ద గుండు ఉన్న షెల్) కాల్చకండి. స్లగ్ స్టేజులు వచ్చినప్పుడే చాలామంది గన్లు పరువు తీస్తాయి, ముందు ఒక్క ఫైబర్ ఆప్టిక్ పూస మాత్రమే ఉన్న గన్‌తో 75 గజాల అవతల స్టీల్ కొట్టాలి, ఒక బ్రాండ్ స్లగ్ సెంటర్‌లో పడితే ఇంకో బ్రాండ్ జానెడు పైన పడుతుంది. రెండు మూడు బ్రాండ్లు కాల్చి చూసి, మీ గన్‌కి నచ్చింది పట్టుకుని ఇక మార్చొద్దు.

సేఫ్టీ ఎక్కడుంది అన్నది కూడా ఈ ఆటలో చిన్న విషయం కాదు. షాట్‌గన్ పని అయిపోయాక దాన్ని పీపాలోనో పెట్టెలోనో పెట్టేసి రైఫిల్ అందుకుని పరిగెత్తాలి, లోపల షెల్స్ మిగిలి ఉంటే సేఫ్టీ వేసి ఉండాల్సిందే, వెయ్యకపోతే మ్యాచ్ నుంచే బయటికి పంపేస్తారు. మాస్‌బర్గ్‌లో సేఫ్టీ వెనక మెడ మీద బొటనవేలి కింద ఉంటుంది, ఎడమచేతి వాళ్ళకీ కుడిచేతి వాళ్ళకీ ఒకటే. బెనెల్లీలో ట్రిగ్గర్ వెనక అడ్డంగా తోసే బటన్, కుడిచేతి వాళ్ళకి అలవాటైపోతుంది, ఎడమచేతి వాళ్ళయితే ఎడమచేతి మోడల్ ఎం2 అడిగి తీసుకోవాలి.

పంప్ గన్ ఇంట్లో ఉంటే, రెమింగ్టన్ 870 అనుకోండి, 1950 నుంచి వస్తున్న గన్ అది, మొదటి కొన్ని మ్యాచులు దాంతోనే ఆడేయండి, నష్టం లేదు. క్యాడీలు కొని లోడింగ్ నేర్చుకుంటే రేపు ఏ గన్ కొన్నా ఆ చెయ్యి అలవాటు మీ దగ్గరే ఉంటుంది.

సెకండ్ హ్యాండ్‌లో రెడీగా పని చేయించిన పోటీ గన్లు తరచూ అమ్మకానికి వస్తుంటాయి, మంచివీ ఉంటాయి, కానీ వాటినీ తిరగేసే చూడండి. పోర్ట్ ఎవరో ఇంట్లో గ్రైండర్ పెట్టి అరగదీసి ఉంటే గీతలు కనిపిస్తాయి, అల్యూమినియం అంచు మరీ పల్చబడితే పగులుతుంది, షెల్‌ని ఆపే లాచ్ దగ్గర లోహం తీసేసి ఉంటే ట్యూబ్‌లోంచి షెల్స్ వాటంతట అవే వెనక్కి వచ్చి పడుతుంటాయి. లిఫ్టర్ వెల్డింగ్ దగ్గర వేలు పెట్టి గరుకు ఉందేమో చూడండి, ట్యూబ్ మీద సొట్ట ఉందేమో చూడండి, ఎక్స్‌టెన్షన్ కలిసే చోట మర బిగుతుగా ఉందో లేదో చూడండి, అమ్మేవాడు డమ్మీ షెల్స్ నింపి చూడనివ్వను అంటే ఎంత మంచి రేటు చెప్పినా వదిలేయండి.